సినిమా తెరపై ‘లా ట్రావియాటా’: తొలిసారి చూసేవారు ఎలా సిద్ధపడాలి, ఏం వినాలి

ఇటలీ స్వరకర్త జుసెప్పె వెర్డీ స్వరపరచిన ఒపేరా, అంటే సంభాషణలు కూడా పాటగానే సాగే సంగీతనాటకం, ‘లా ట్రావియాటా’ విషాదాంతమని తెలిసే జనం టికెట్ కొంటారు. నాయిక వియొలెట్టా క్షయతో మరణిస్తుందన్న సంగతి ఎవరూ దాచరు; తెర లేవకముందే ఆర్కెస్ట్రా కూడా ఆ మాట చెప్పేస్తుంది. కాబట్టి ఈ ఒపేరాను సినిమాహాల్లో చూడబోయేవారు కథలో మలుపుల కోసం ఎదురుచూసే అలవాటును కాసేపు పక్కన పెట్టి, ఒకసారి విన్న బాణీ మళ్లీ ఎప్పుడు, ఎవరి నోట, ఏ స్థితిలో వినబడుతుందో పట్టుకోవడానికి సిద్ధమై వెళ్లాలి. ఇక్కడి సూచనల్లో చాలా భాగం ఆ ఒక్క పని కోసమే.

టికెట్ కొనే ముందు

సినిమాహాళ్లకు వచ్చే ఒపేరా ప్రదర్శనలు ప్రధానంగా రెండు రకాలు. ఒపేరా థియేటర్‌లో ప్రదర్శన జరుగుతుండగానే ఉపగ్రహం ద్వారా తెరకు చేరే ప్రత్యక్ష ప్రసారం మొదటిది. దాన్నే రికార్డు చేసి తరువాత మళ్లీ వేసేది రెండోది. దీన్ని ప్రకటనల్లో ‘ఎన్‌కోర్’ అంటారు. న్యూయార్క్‌లోని మెట్రపాలిటన్ ఒపేరా 2006 డిసెంబర్ 30న మొజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’తో ఇలాంటి ప్రసారాలను మొదలుపెట్టింది. అవి సాధారణంగా శనివారం మధ్యాహ్నపు ప్రదర్శనలు గనుక, తూర్పు దేశాలవారు ప్రత్యక్షంగా చూడాలంటే రాత్రి చాలా పొద్దుపోయేవరకు మేలుకోవాలి. లండన్‌లోని రాయల్ ఒపేరా ప్రదర్శనలు కూడా సినిమాహాళ్లకు వస్తాయి. ప్రత్యక్ష ప్రసారంలో ఉత్కంఠ ఉన్నమాట నిజమే, కానీ సిగ్నల్ తెగిపడే ప్రమాదం కూడా ఉంటుంది. మూడో అంకంలో వియొలెట్టా ఉత్తరం చదువుతుండగా తెర నల్లబడితే ఆ సాయంత్రాన్ని మరి బాగుచేయలేం. తొలిసారి చూసేవారికి ఎన్‌కోరే మేలని నా అభిప్రాయం.

ఇవి రెండూ కాక, ఇదే ఒపేరాను కథాచిత్రంగా తీసినవీ ఉన్నాయి. వాటిలో గాయకులు ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదుపుతారు. అది వేరే అనుభవం. రంగస్థలం మీద ఊపిరి బిగబట్టి పాడే మనిషిని చూడాలనుకుంటే, ప్రకటనలో ఒపేరా థియేటర్ పేరు, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ పేరు, దర్శకుడి పేరు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

దర్శకుడి పేరు చూడమనడానికి మరో కారణం ఉంది. సంగీతం మారకపోయినా, రంగాలంకరణ ఒక్కో నిర్మాణంలో పూర్తిగా మారిపోతుంది. లండన్‌లో రిచర్డ్ అయిర్ 1994లో రూపొందించిన నిర్మాణం పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌ను గౌనులతో, దీపాలతో కళ్లకు కడుతుంది. విల్లీ డెకర్ 2005లో సాల్జ్‌బర్గ్ ఉత్సవం కోసం చేసిన నిర్మాణంలో అలాంటి హంగులేవీ ఉండవు: వంపు తిరిగిన తెల్లని గోడ, పెద్ద గడియారం, ఎర్రని దుస్తుల్లో నాయిక, ఆమెను వెంటాడే మృత్యువులా కనిపించే వైద్యుడు. ఈ నిర్మాణమే తరువాత మెట్రపాలిటన్‌కు వచ్చి సినిమాహాళ్లకూ చేరింది. 2018లో అదే వేదికపై మైకేల్ మేయర్ చేసిన నిర్మాణంలో మరణశయ్య మొదటి నుంచి చివరి వరకూ రంగం మధ్యలోనే ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారు పాతకాలపు అలంకరణ ఉన్నదాన్ని ఎంచుకుంటే ఎవరు ఎవరో, ఎక్కడున్నారో పోల్చుకోవడం సులభం. అలాగని ఆధునిక దుస్తుల నిర్మాణాన్ని చూసి ఇది అసలు ‘ట్రావియాటా’ కాదని కొట్టిపారేయకూడదు. 1853 మార్చి 6న వెనిస్‌లోని లా ఫెనీచె థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగినప్పుడు వెర్డీ కోరుకున్నది తన నాటి దుస్తులే. అధికారులు అంగీకరించక కథను 1700 ప్రాంతానికి నెట్టించారు. తన కాలపు మనుషులు తమను తామే వేదిక మీద చూసుకోవాలన్నది ఆయన ఉద్దేశం.

ఆ తొలి ప్రదర్శన విఫలమైంది. క్షయతో చిక్కి శల్యమవుతున్న యువతిగా ఆనాటి గాయని ఆకారం జనానికి నమ్మశక్యంగా అనిపించలేదు. తప్పు తనదా, గాయకులదా అన్నది కాలమే తేలుస్తుందని వెర్డీ మరునాడే శిష్యుడు ముజియోకు రాశాడు. 1854 మే 6న అదే నగరంలోని శాన్ బెనెదెత్తో థియేటర్‌లో, కొన్ని మార్పులతో మళ్లీ ప్రదర్శించినప్పుడు జనం బ్రహ్మరథం పట్టారు. కెమెరా ముఖానికి అంగుళం దూరంలోకి వెళ్లే ఈ రోజుల్లో, పాత్రకు తగిన రూపం అన్న పాత చర్చ సినిమాహాల్లో మళ్లీ తలెత్తడం సహజమే. అయితే గొంతు నమ్మిస్తున్నప్పుడు శరీరాన్ని తూకం వేస్తూ కూర్చోవడం మన టికెట్‌ను మనమే వృథా చేసుకోవడమవుతుంది.

ముందురోజు చేయవలసిన పని

కథను ముందే పూర్తిగా చదవాలి. ఆసక్తి పోతుందని భయపడనక్కరలేదు, ఎందుకంటే ఇక్కడ ఆసక్తి ఏం జరుగుతుందన్న దాని మీద నిలబడలేదు.

అలెగ్జాండర్ డ్యూమా కుమారుడు 1848లో నవలగా రాసి, తరువాత నాటకంగా మలచిన కథ ఇది. 1852లో ఆ నాటకం పారిస్‌లో ప్రదర్శితమైంది. 23 ఏళ్ల వయసులో 1847లో క్షయతో మరణించిన మరీ దుప్లెసీ అనే యువతి జీవితం దానికి ఆధారం. వెర్డీ కోసం ఫ్రాంచెస్కో మరియా పియావె దీన్ని మూడు అంకాల ఒపేరాగా రాశాడు. పారిస్‌లో ధనికుల పోషణలో విలాసంగా బతుకుతున్న వియొలెట్టాను అల్ఫ్రెడో అనే యువకుడు ప్రేమిస్తాడు. ఆమె తటపటాయించి, చివరికి ఆ జీవితాన్ని వదిలి అతనితో నగరం వెలుపలి ఇంటికి వెళ్తుంది. అల్ఫ్రెడో తండ్రి జెర్మోన్ వచ్చి, ఈ సంబంధం వల్ల తన కూతురి పెళ్లి చెడిపోతుందని, కొడుకును వదిలెయ్యమని అడుగుతాడు. ఆమె అసలు కారణం చెప్పకుండా వెళ్లిపోతుంది. మోసపోయానని నమ్మిన అల్ఫ్రెడో ఒక విందులో, జూదంలో గెలిచిన డబ్బును అందరి ముందూ ఆమె మీదికి విసిరి అవమానిస్తాడు. నిజం తెలిసి తండ్రీకొడుకులు తిరిగివచ్చేసరికి ఆమెకు కొన్ని ఘడియలే మిగిలి ఉంటాయి.

కథ చదివాక, మొత్తం రికార్డింగ్ వినవలసిన పని లేదు. మూడు చోట్లు వింటే చాలు. మొదటిది ప్రిల్యూడ్, అంటే తెర లేవకముందు వచ్చే నాలుగైదు నిమిషాల వాద్యసంగీతం. వయొలిన్లు పై స్థాయిలో, దాదాపు గుసగుసగా మొదలవుతాయి. అది ఆమె మరణానికి సంబంధించిన సంగీతం. తరువాత విశాలమైన ఒక ప్రేమ బాణీ వస్తుంది. ఆ తరువాతే తెర లేచి, విందు కోలాహలం మొదలవుతుంది. వెర్డీ కథను వెనక నుంచి ముందుకు చెప్పాడన్నమాట. రెండోది మొదటి అంకంలో అల్ఫ్రెడో తన ప్రేమను వెల్లడిస్తూ పాడే యుగళగీతంలోని ‘ది క్వెల్ అమోర్’ అనే పంక్తి. ప్రేమే సమస్త విశ్వానికీ నాడి అని చెప్పే ఆ పంక్తిని, పెదవుల మీదికి దానంతట అదే వచ్చేంతవరకు వినండి. మూడోది రెండో అంకంలో వియొలెట్టా ‘అమామి, అల్ఫ్రెడో’ అని పిలిచే చోటు. అది నిమిషం కూడా ఉండదు. ‘లిబియామో’ అనే మధుపాన గీతాన్ని ప్రత్యేకంగా వినమని చెప్పడం లేదు. దాన్ని ఎక్కడో ఒకచోట విననివారు అరుదు.

హాల్లో కూర్చునే చోటు, చదవవలసినవి, చదవకూడనివి

వెర్డీ సంగీతం రెండుంబావు గంటలకు మించదు గానీ, విరామాలు, మధ్యలో చూపే ముఖాముఖులు కలిసి ప్రదర్శన మూడు గంటల దాకా సాగుతుంది. విరామాలు ఎన్ని, ఎక్కడ అన్నది నిర్మాణాన్ని బట్టి మారుతుంది గనుక ముందే కనుక్కోవడం మంచిది. సీటు విషయంలో మధ్య వరుసలకు కొంచెం వెనుకగా, తెరకు నడిమధ్యన కూర్చోవాలి. బాగా ముందు కూర్చుంటే దగ్గరి షాట్లలో గాయకుల ముఖాలు మీద పడినట్టుంటాయి, ఉపశీర్షికల కోసం తల అటూ ఇటూ తిప్పవలసి వస్తుంది. ప్రిల్యూడ్ మొదలయ్యేసరికి సీట్లో ఉండి తీరాలి. ఆలస్యంగా వచ్చినవారు పోగొట్టుకునేది పరిచయ సంగీతం కాదు, ముగింపుకు తాళంచెవి.

శబ్దం గురించి ఒక జాగ్రత్త. ఒపేరా థియేటర్‌లో గాయకులు మైకు సాయం లేకుండా, పెద్ద ఆర్కెస్ట్రా మీదుగా చివరి వరుసకు చేరేలా పాడతారు. సినిమాహాల్లో మనకు వినిపించేది ప్రసారం కోసం అమర్చిన మైకులు పట్టి, ఇంజనీరు సమతూకం చేసిన శబ్దం. అందువల్ల ఎవరి గొంతు పెద్దదో, ఎవరిది చిన్నదో ఇక్కడ తీర్పు చెప్పలేం. గొంతులోని రంగు, పదాల ఉచ్చారణ, ఊపిరి తీసుకునే చోట్లు మాత్రం అసలు థియేటర్‌లో కన్నా స్పష్టంగా తెలుస్తాయి. వాటి మీద మనసు పెట్టండి.

ఉపశీర్షికలు లేకుండా ఒపేరా చూడాలని పట్టుపట్టడం అనవసరమైన కష్టం. ఒపేరా థియేటర్లే 1983లో కెనడియన్ ఒపేరా కంపెనీ టొరంటోలో మొదలుపెట్టిన పద్ధతిని అనుసరించి రంగస్థలం పైన అనువాదం చూపడం అలవాటు చేసుకున్నాయి. కానీ అన్ని చోట్లా చదవకూడదు. ఇద్దరు ఎదురెదురుగా వాదించుకునే చోట ప్రతి పంక్తీ చదవండి. ఒంటరిగా పాడే ఆరియాలో మొదటి నాలుగు పంక్తులు చదివి, ఆపై కళ్లు ముఖం మీదికి తిప్పండి. తరువాత వచ్చేవి చాలావరకు అవే మాటలు. విందులో అందరూ ఒకేసారి పాడే ఘట్టంలో అసలు చదవొద్దు. అక్కడ ఒక్కొక్కరు ఒక్కో మాట పాడుతుంటారు, తెర మీద ఒకరి మాటే పడుతుంది, అది చదివేలోగా మిగతా అందరినీ పోగొట్టుకుంటాం.

కెమెరాతో కూడా ఇలాంటి చిన్న బేరమే కుదుర్చుకోవాలి. ఎవరిని చూడాలో మన తరఫున ప్రసార దర్శకుడే నిర్ణయిస్తాడు, అతను ఎప్పుడూ పాడుతున్నవారినే చూపడానికి మొగ్గుతాడు. దూరపు షాట్ వచ్చినప్పుడల్లా పాడనివారిని వెతకండి. ఈ ఒపేరాలో నిర్ణయాలన్నీ వింటున్న ముఖాల్లోనే జరుగుతాయి.

మొదటి అంకం

విందులో కోలాహలం ఎక్కువ, పాత్రలు ఎక్కువ. అందరి పేర్లూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. అంకం చివర వియొలెట్టా ఒక్కతే మిగిలినప్పటి నుంచి అసలు పని మొదలవుతుంది. ఆమె అల్ఫ్రెడో బాణీని మెల్లగా తనలో తాను పాడుకుంటుంది, అంతలోనే అదంతా పిచ్చితనమని తోసిపారేసి ‘సెంప్రె లిబెరా’ అనే వేగవంతమైన పాటలోకి దూకుతుంది. అప్పుడు బయటినుంచి అల్ఫ్రెడో గొంతు అదే ‘ది క్వెల్ అమోర్’ పంక్తిని అందుకుంటుంది. ఆమె స్వరం ఇంకా వేగంగా, ఇంకా పైకి పరుగెడుతుంది. పారిపోతున్నది అతని నుంచి కాదు, ఆ బాణీ నుంచి. ఆ గొంతు నిజంగా వీధిలోంచి వచ్చిందా, ఆమె తలలో మోగిందా అన్నది ఒక్కో దర్శకుడు ఒక్కోలా చూపుతాడు.

పాట చివర చాలామంది గాయనులు గొంతు చించుకునేంత ఎత్తైన ఒక స్వరాన్ని అందుకుంటారు. అది వెర్డీ రాసింది కాదు. తరువాత వచ్చిన ఆనవాయితీ. గాయని దాన్ని వదిలేస్తే తక్కువ చేసినట్టు కాదు. ఈ పాత్రకు ముగ్గురు గాయనులు కావాలన్న మాట ఒపేరా అభిమానుల్లో వాడుకలో ఉంది: మొదటి అంకానికి చురుకైన గొంతు, రెండోదానికి ఆర్ద్రమైన గొంతు, మూడోదానికి నటి. ఈ అంకంలో మెరిసిపోయినవారు మూడో అంకంలో తేలిపోవడమూ ఉంటుంది, అటుది ఇటూ అవుతుంది. తీర్పును చివరిదాకా వాయిదా వేయండి.

రెండో అంకం, అసలు హృదయం

ప్రదర్శన మొత్తంలో మీరు అలసిపోకుండా దాచుకోవలసిన ఏకాగ్రత ఇక్కడికే. వియొలెట్టా, జెర్మోన్‌ల మధ్య జరిగే సంభాషణ పదిహేను నిమిషాలకు పైగా సాగుతుంది. తొలిసారి చూసేవారు దీన్ని రెండు పాటల మధ్య వచ్చే మాటలుగా అనుకుని, మధుపాన గీతం లాంటిది మళ్లీ ఎప్పుడొస్తుందా అని చూస్తారు. నిజానికి ఆమె మరణం ఇక్కడే ఖాయమవుతుంది. మూడో అంకంలో క్షయ చేసేది మిగిలిన పని.

దీన్ని మెట్లు మెట్లుగా వినాలి. జెర్మోన్ మొరటుగా ప్రవేశిస్తాడు. తాను స్త్రీనని, ఇది తన ఇల్లని ఆమె చెప్పగానే కొంత తగ్గుతాడు. ఆమె ఆస్తులు అమ్ముకుంటున్న కాగితాలు చూశాక ఇంకా మెత్తబడతాడు. ఆ మెత్తదనంతోనే, దేవత లాంటి కూతురున్నదంటూ చక్కని, గుండ్రని బాణీలో తన కోరిక వినిపిస్తాడు. కొన్నాళ్ల ఎడబాటు అడుగుతున్నాడని ఆమె అనుకుంటుంది. శాశ్వతంగా అని తెలిసినప్పుడు ఆమె సంగీతం ముక్కలుముక్కలై, ఊపిరాడనట్టు పరుగెడుతుంది. అతని బాణీ మాత్రం చెదరదు. అందం తరిగాక ప్రేమ నిలవదని అతను చెప్పే మాటలు క్రూరమైనవే అయినా, వెర్డీ అతన్ని దుర్మార్గుడిగా చూపలేదు, అందుకే ఆ సన్నివేశం భరించడం కష్టం. ఎవరూ అరవరు. ఇంటి పరువు గురించి ఒక పెద్దమనిషి మర్యాదగా మాట్లాడతాడు, ఒక స్త్రీ జీవితం ముగిసిపోతుంది.

‘దీతె అల్లా జోవినె’ దగ్గర ఆమె లొంగిపోతుంది. ఆ పాట చాలా నెమ్మది, చాలా సన్నని స్వరం. మంచి గాయని ఇక్కడ గొంతును దాదాపు లేనట్టు చేస్తుంది. అప్పటివరకు తన ధోరణిలో తాను పాడుతున్న జెర్మోన్, ఆమెను ఏడవమని ఓదారుస్తూ ఆమె పక్కన చేరతాడు. ఈ క్షణంలో జెర్మోన్‌గా పాడే బారిటోన్ (మధ్యస్థాయి గొంతు గల గాయకుడు) ముఖం చూడండి. తను గెలిచిన దానికి సిగ్గుపడుతున్నాడా, లేక పని అయిపోయిందని నెమ్మదిస్తున్నాడా అన్నది నటుడే తేల్చాలి. మొత్తం నిర్మాణం విలువ నాకు ఇక్కడే తెలుస్తుంది.

కాసేపటికి అల్ఫ్రెడో వస్తాడు. వెళ్లిపోతున్నానని చెప్పలేక, తనను ప్రేమించమని మాత్రం అడుగుతూ ఆమె ‘అమామి, అల్ఫ్రెడో’ అంటుంది. ప్రిల్యూడ్‌లో విన్న విశాలమైన బాణీ ఇదే. ఎప్పుడో ఆర్కెస్ట్రా చెప్పిన మాట ఇప్పుడు మనిషి గొంతులోకి వచ్చింది. ముందురోజు వినని ప్రేక్షకుడికి ఇది తెలిసేలోగా ఆమె గది దాటిపోతుంది.

తరువాత జెర్మోన్ కొడుకును ఓదారుస్తూ పాడే ‘ది ప్రొవెన్సా’ పేరున్న ఆరియాయే గానీ, అంత గొప్ప సన్నివేశం వెనుక అది కాస్త నిదానంగా అనిపిస్తే తప్పు మీది కాదు. విందు రంగంలోని జిప్సీల, మాటడోర్ల (ఎద్దులతో పోరాడేవారి) బృందగానాలు కంటికి విందు, హాయిగా చూడండి. జూదపు బల్ల దగ్గర ఆర్కెస్ట్రాలో మొదలై ఆగకుండా తిరిగే చిన్న వాద్యపంక్తిని మాత్రం వదలొద్దు, రాబోయే అవమానం అందులోనే ఉడుకుతుంటుంది.

విరామంలో

మెట్రపాలిటన్ ప్రసారాల్లో విరామ సమయాన మరో ప్రసిద్ధ గాయకుడో గాయనో వచ్చి, చెమట ఆరని నటీనటులతో మాట్లాడటం, తెర వెనుక రంగాలు మార్చడం చూపుతారు. అవి సరదాగా ఉంటాయి, సాంకేతికంగా కొంత నేర్పుతాయి కూడా. అయితే మూడో అంకానికి ముందు వచ్చే ముఖాముఖిని వదిలేసి బయట కాళ్లు చాపుకుని రమ్మంటాను. చనిపోబోతున్న మనిషి నవ్వుతూ కుటుంబానికి శుభాకాంక్షలు చెప్పడం చూశాక, ఆమెను మళ్లీ వియొలెట్టాగా చూడటానికి కొంత సమయం పడుతుంది.

మూడో అంకం

మొట్టమొదట విన్న గుసగుస వయొలిన్లు తిరిగి వస్తాయి. ఇక జెర్మోన్ రాసిన ఉత్తరం. ఆమె దాన్ని పాడదు, చదువుతుంది. కింద ఒంటరి వయొలిన్ ‘ది క్వెల్ అమోర్’ బాణీని వాయిస్తుంది. ఇంతసేపటి పాటలో ఒక్కసారిగా వచ్చిన ఈ మామూలు మాట వెర్డీ ఎత్తుగడల్లో అతి సాహసమైనది. అక్షరాల మీది నుంచి కళ్లు తీసేసి ఆమె గొంతులో ఊపిరి ఎంత మిగిలిందో వినండి. ఆ తరువాతి ‘అద్దియో దెల్ పస్సాతో’ ఆరియాలో రెండో చరణాన్ని కొన్ని ప్రదర్శనల్లో కత్తిరిస్తారు. వీధిలో కార్నివాల్ పండుగ జనం కేకలు వినబడతాయి, పారిస్‌కు ఆమె గది సంగతి పట్టదు.

ముగింపులో నొప్పి ఆగిపోయిందని ఆమె ఆశ్చర్యంగా అంటుంది, లేచి నిలబడుతుంది. తీగ వాద్యాల్లో మళ్లీ ఆ ‘ది క్వెల్ అమోర్’ బాణీయే. దాన్ని గుర్తుపట్టినవారికి ఆ కొద్ది సెకన్లు కోలుకుంటున్నట్టూ, చనిపోతున్నట్టూ ఒకేసారి అనిపిస్తాయి; గుర్తుపట్టనివారికి అది ఒక చివరి కుదుపు మాత్రమే.

చప్పట్లు కొట్టాలా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. తెర మీది థియేటర్‌లో జనం కొడతారు, సినిమాహాల్లో కొట్టినా కొట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. చివరి స్వరం పూర్తిగా ఆరేవరకు ఆగితే చాలు. నటీనటులు నమస్కరించడానికి వచ్చే భాగాన్ని చూసే వెళ్లండి, గొంతులు అలసిన తీరు అప్పుడు ముఖాల్లో తెలుస్తుంది.

తరువాత ఏం చూడాలని అడిగేవారికి, ఇదే వెర్డీ 1851లో ఇదే వెనిస్ థియేటర్‌కు ఇచ్చిన ‘రిగొలెట్టో’ నా మొదటి సూచన. తండ్రీకూతుళ్ల యుగళగీతాల్లో జెర్మోన్ సన్నివేశానికి మూలాలు దొరుకుతాయి. క్షయతో మరణించే మరో పారిస్ యువతి కథ కావాలంటే పుచ్చీని ‘లా బొహేమ్’ ఉంది. 1896 ఫిబ్రవరి 1న ట్యూరిన్‌లో తొలిసారి ప్రదర్శితమైన ఆ ఒపేరాలోనూ మొదటి అంకపు బాణీలు చివరి అంకంలో తిరిగి వస్తాయి. 1853 జనవరిలో రోమ్‌లో వచ్చిన ‘ఇల్ త్రొవతోరె’ను మాత్రం మూడోదిగా పెట్టుకోండి: సంగీతం మంటలా ఉంటుంది గానీ, కథను రెండుసార్లు చదివినా ఎవరు ఎవరి బిడ్డో తేల్చుకోవడం కష్టం.